పైపూత దగ్గరే తేలే ఎగుమతి: వీధి శుభ్రత పరికరాలు, పదార్థాల ఎంపిక, పర్యావరణ నిబంధనలు

మిర్యాలగూడ రైస్ మిల్లులకు ఎలివేటర్లు, సైక్లోన్లు, బ్లోయర్ గొట్టాలు కట్టి ఇచ్చే వర్క్‌షాపుకు వీధులు ఊడ్చే యంత్రం పూర్తిగా కొత్త వస్తువేమీ కాదు. ఊకలో ఉండే సిలికా గొట్టం వంపు దగ్గర రేకును ఎలా అరగదీస్తుందో అక్కడి పనివారికి తెలుసు. రోడ్డు మీది ఇసుక స్వీపర్ యంత్రపు ఫ్యాను రెక్కలను, పీల్పు గొట్టాన్ని అరగదీసేది కూడా అదే తీరులో. చౌటుప్పల్ మండలం దండుమల్కాపూర్‌లో 2019లో మొదలైన ఎంఎస్ఎంఈ గ్రీన్ ఇండస్ట్రియల్ పార్కు ఒకవైపు, 44వ జాతీయ రహదారి వెంట జడ్చర్ల, బాలానగర్ ప్రాంతాల్లో పెరిగిన పరిశ్రమలు మరోవైపు ఉండగా, తోపుడు బండ్లు, చెత్త డబ్బాలు, రోలర్ బ్రష్షులు, నడిపించే చిన్న స్వీపర్ల వంటి పురపాలక పరికరాలను ఇక్కడ తయారు చేసి బయటి దేశాలకు పంపాలన్న ఆలోచన గాలిలో మేడ కాదు. ఇంటింటి చెత్త సేకరణలో, వీధి కుండీలను తొలగించడంలో రెండు దశాబ్దాల క్రితమే పేరు తెచ్చుకున్న సూర్యాపేట కూడా ఈ ప్రాంతంలోనే ఉంది కనుక, పారిశుధ్య కార్మికుల చేతిలో ఏ బండి ఎన్నాళ్లు నిలుస్తుందో చూసి తెలుసుకునే వీలు కూడా ఇక్కడ ఉంది.

అయితే ఇటువంటి ఎగుమతుల గురించి జరిగే చర్చ దాదాపు ఎప్పుడూ ఉక్కు దగ్గరే మొదలై ఉక్కు దగ్గరే ముగుస్తుంది. రేకు మందమెంత, స్టెయిన్‌లెస్ వాడాలా, మామూలు మైల్డ్ స్టీల్ (ఎంఎస్) సరిపోతుందా అన్న ప్రశ్నలు యంత్రం మన్నికకు ముఖ్యమే. కానీ పర్యావరణ నిబంధనల కోణంలో బరువులో తొంభై పాళ్లుండే ఉక్కు పెద్దగా ఇబ్బంది పెట్టదు. దాని మీది రంగు, బోల్టు మీది పసుపు పూత, ఇత్తడి నాజిల్, నల్ల రబ్బరు, రీసైకిల్ ప్లాస్టిక్ గుళికలు మాత్రం ఇబ్బంది పెడతాయి. పైగా ఇవన్నీ సాధారణంగా యజమాని స్వయంగా చూసి కొనే వస్తువులు కావు, జాబ్ వర్క్ చేసే వారికో, హార్డ్‌వేర్ దుకాణానికో వదిలేసేవి.

ముందుగా వస్తువును కస్టమ్స్ ఏ గూటిలో పెడుతుందో చూడాలి, ఎందుకంటే వర్తించే నిబంధన చాలావరకు అక్కడే తేలుతుంది. లారీ మీద అమర్చిన రోడ్ స్వీపర్ 8705 శీర్షిక కిందికి వస్తుంది. మోటారు లేని తోపుడు బండి 8716 కిందికి, యంత్రానికి విడిభాగంగా పోయే బ్రష్షు 9603 కిందికి వస్తాయి. చక్రాల ప్లాస్టిక్ డబ్బా 39వ అధ్యాయానికి చెందుతుంది. అదే డబ్బాను ఉక్కు రేకుతో చేస్తే అది 73వ అధ్యాయంలోకి మారుతుంది, దానితో ఐరోపా సమాఖ్య కర్బన సరిహద్దు సుంకమైన సీబామ్ పరిధి మొదలవుతుంది. 2023 అక్టోబరు నుంచి నివేదికలకే పరిమితమై నడిచిన ఈ విధానం 2026 జనవరి 1 నుంచి చెల్లింపుల దశలోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం ముడి సరుకుతో పాటు ట్యాంకులు, డబ్బాలు, నట్లు, బోల్టులు, 7326 కింద లెక్కించే ఇతర ఉక్కు వస్తువులు కూడా ఇందులో ఉన్నాయి. 84, 87 అధ్యాయాల కిందికి వచ్చే యంత్రాలూ వాహనాలూ మొదటి జాబితాలో లేవు.

దీనివల్ల ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడుతుంది. పూర్తిగా బిగించిన తోపుడు బండి సీబామ్‌కు దూరంగా ఉంటుంది, కానీ ఆ బండికి విడిగా పంపే ఉక్కు బ్రాకెట్లు, బోల్టుల పెట్టె మాత్రం దాని కిందికి రావచ్చు. ఒక దిగుమతిదారు ఏడాదికి తెప్పించే సీబామ్ సరుకు మొత్తం 50 టన్నులు దాటకపోతే మినహాయింపు ఇస్తూ 2025లో సవరణ చేశారు కనుక చిన్న సరఫరాదారుకు వెంటనే భయం లేదు. అయినా ఆ 50 టన్నుల లెక్క దిగుమతిదారుది, మన వర్క్‌షాపుది కాదు. అతడు చైనా నుంచో తుర్కియే నుంచో తెప్పించే ఉక్కు కూడా అందులో కలుస్తుంది. అందుకే బొగ్గుతో చేసిన స్పాంజ్ ఐరన్‌ను ఇండక్షన్ ఫర్నేసులో కరిగించిన ఉక్కా, బ్లాస్ట్ ఫర్నేసు ఉక్కా, తుక్కు నుంచి వచ్చిందా అన్న వివరం మిల్లు పేరుతో, హీట్ నంబరుతో (ఆ ఉక్కు కరిగించిన విడత సంఖ్యతో) సహా బిల్లుకు జతచేసి ఉంచుకోవడం తక్కువ ఖర్చుతో అయ్యే జాగ్రత్త.

ఇక ఉక్కు విషయానికి వస్తే, దేశాన్ని బట్టి శత్రువు మారుతుంది. ఉత్తర ఐరోపాలో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఊడ్చే యంత్రం ఆ ఉప్పునీటిని కడుపులోకి పీల్చుకుంటుంది. గల్ఫ్‌లో సముద్రపు ఉప్పుగాలికి ఎండ తోడవుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఉన్నచోట 304 రకం స్టెయిన్‌లెస్ కూడా గుంటలు గుంటలుగా తినేయబడుతుంది, రెండు మూడు శాతం మాలిబ్డినం ఉన్న 316 తట్టుకుంటుంది. కానీ దుమ్ము పెట్టె మొత్తానికి 316 వాడితే ధర టెండరులో నిలవదు. పన్నెండు శాతం దరిదాపుల్లో క్రోమియం ఉన్న ఫెరిటిక్ ఉక్కు ఇక్కడ మధ్యేమార్గం. తడి, రాపిడి కలిసి ఉన్నచోట పనికివచ్చే ఈ తరహా ఉక్కును మన రైల్వే వ్యాగన్లలోనూ వాడారు కనుక ఇది దొరకని సరుకు కాదు. ఫ్యాను కేసింగ్, గొట్టం వంపు వంటి అరిగే చోట్ల మాత్రం తుప్పు కన్నా రాపిడే ముందు దెబ్బతీస్తుంది. అక్కడ బ్రినెల్ కొలతలో 400 గట్టిదనం ఉన్న అరుగుదల పలకను బోల్టులతో బిగించి, అరిగినప్పుడు మార్చుకునేలా పెట్టడం మిల్లు పనిలో ఆరితేరిన వారికి కొత్తగా నేర్పాల్సిన అవసరం లేదు.

స్టెయిన్‌లెస్ విషయంలో ఒక మోసం తరచుగా జరుగుతుంది. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 శ్రేణి రేకు మన మార్కెట్లో ధారాళంగా దొరుకుతుంది. చూడటానికి 304 లాగే మెరుస్తుంది, అయస్కాంతం దానికీ అంటుకోదు, దీనికీ అంటుకోదు. అంటుకోకపోతే మంచి స్టీలు అన్న దుకాణపు పరీక్ష ఈ రెండింటి మధ్య తేడా చెప్పలేదు. పైన పటారం, లోన లొటారం అన్న మాటకు ఇంతకన్నా సరైన ఉదాహరణ వెతకనక్కరలేదు. రసాయన చుక్కల పరీక్ష లేదా ఎక్స్‌రేలతో లోహంలోని మూలకాలను చెప్పే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఒక్క నిమిషంలో తేల్చేస్తాయి కనుక, రేకు కటింగ్‌కు పోకముందే ప్రతి లాటునూ చూడటం మేలు. కోసి వంచి వెల్డింగ్ చేసిన తర్వాత తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

బండి చట్రానికి హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత ఎక్కించడం) చాలా సందర్భాల్లో స్టెయిన్‌లెస్ కన్నా తెలివైన ఎంపిక. ఐఎస్ఓ 1461 ప్రకారం 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు మీద సగటున 70 మైక్రాన్లు, ఆరు దాటితే 85 మైక్రాన్ల జింకు పూత ఉండాలి. ఈ నిర్ణయం డ్రాయింగ్ బల్ల మీదే జరగాలి, ఎందుకంటే చట్రాన్ని గుల్ల పైపుతో కట్టి చివరలు మూసి వెల్డ్ చేస్తే, దాదాపు 450 డిగ్రీల వేడిలో కరిగి ఉన్న జింకు తొట్టిలో ముంచినప్పుడు లోపల చిక్కుకున్న తేమ ఆవిరై పైపును పేల్చేస్తుంది. ప్రతి పైపుకు గాలి పోయే రంధ్రం, జింకు కారిపోయే రంధ్రం ముందే వేసి ఉండాలి. ఇవి లేని చట్రాలను గాల్వనైజింగ్ యూనిట్లు వెనక్కి పంపుతాయి, పంపాలి కూడా.

అసలు చిక్కు రంగు దగ్గర మొదలవుతుంది. పురపాలక యంత్రాలు దూరం నుంచి కనబడాలి గనుక పసుపు, నారింజ రంగులు వేస్తారు. ఆ రంగులను చవకగా, ఎండకు వెలవకుండా ఇచ్చే పిగ్మెంట్లు సీసం, క్రోమియం ఉన్న లెడ్ క్రోమేట్ జాతికి చెందినవి. మన దేశంలో గృహ, అలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించరాదన్న నియమాలు 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలవుతున్నాయి. కానీ ఆ నియమాల పేరులోనే ఉన్నట్టు అవి ఇంటి రంగులకే పరిమితం, యంత్రాలకు వేసే పారిశ్రామిక ఎనామెల్‌కు ఆ పరిమితి లేదు. డబ్బా మీద సీసం లేదని రాసి ఉన్న గోడ రంగును చూసి అదే కంపెనీ యంత్రాల రంగు కూడా అటువంటిదేనని అనుకునే పొరపాటుకు ఇక్కడ తావు ఏర్పడుతుంది. ఐరోపా సమాఖ్యలో రసాయనాలను నియంత్రించే రీచ్ చట్టం కింద లెడ్ క్రోమేట్ పసుపు, ఎరుపు పిగ్మెంట్లను ప్రత్యేక అనుమతి లేకుండా వాడటానికి 2015 మే 21 ఆఖరి తేదీ. ఆ అనుమతి నిబంధన అక్కడ రంగు వాడేవారికే తప్ప బయటి నుంచి వచ్చే తయారైన వస్తువుకు నేరుగా వర్తించదు. అయితే అవే పిగ్మెంట్లు అత్యంత ఆందోళనకర పదార్థాల జాబితాలో ఉన్నాయి. వస్తువు బరువులో అటువంటి పదార్థం 0.1 శాతం దాటితే ఆ సంగతి కొనుగోలుదారుకు చెప్పి తీరాలి.

ఇంత పెద్ద ఉక్కు పెట్టెలో రంగు 0.1 శాతం ఎక్కడ దాటుతుందని అనిపించవచ్చు. 2 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు సుమారు 15.7 కిలోలు తూగుతుంది. రెండు వైపులా 60 మైక్రాన్ల మందాన ఆరిన రంగు, సాంద్రత ఒకటిన్నర అనుకుంటే, 180 గ్రాములు అవుతుంది. ఆ రంగులో పది శాతం లెడ్ క్రోమేట్ ఉన్నట్టయితే 18 గ్రాములు. మొత్తం బరువులో అది 0.11 శాతం, అంటే గీత దాటినట్టే. ఒక మిల్లీమీటరు రేకైతే ఈ శాతం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. ఆరు మిల్లీమీటర్ల చట్రంలో మాత్రం గీతకు బాగా కిందనే ఉంటుంది. ఒకే రంగు డబ్బా ఒక భాగాన్ని నిబంధనకు లోబడేలా, మరో భాగాన్ని లోబడకుండా చేస్తుందన్నది ఈ లెక్క చెప్పే సంగతి. సీసం లేని సేంద్రియ పిగ్మెంట్లు, బిస్మత్ వెనడేట్ వాడిన పసుపు దొరుకుతాయి. ఖరీదు ఎక్కువ, కప్పే గుణం కొంత తక్కువ, అయినా పైన చెప్పిన తలనొప్పి అంతటితో పోతుంది.

పౌడర్ కోటింగ్‌కు మారితే సీసం బెడద చాలావరకు తగ్గుతుంది, ద్రావకాల ఆవిర్లూ ఉండవు. కానీ అక్కడ రెండు సంగతులు చూసుకోవాలి. బయట ఎండలో నిలిచే పాలిస్టర్ పౌడర్లలో గట్టిపరచే పదార్థంగా టీజీఐసీ అనేది వాడుతూ వచ్చారు. ఇది 2012 నుంచి రీచ్ ఆందోళనకర జాబితాలో ఉంది. ఓవెన్‌లో కాలిన తర్వాత అది రసాయనికంగా కలిసిపోతుంది, మిగిలేది స్వల్పం. అయినా టీజీఐసీ లేని పౌడర్ దొరుకుతున్నప్పుడు వివరణలు రాసుకుంటూ కూర్చోవడం ఎందుకు?

రెండవది పౌడర్ కన్నా ముందు జరిగే పని. షెడ్డులో వరుసగా ఏడు తొట్లు ఉంటాయి. మొదటిదానిలో జిడ్డు వదిలిస్తారు, తర్వాత నీటితో కడుగుతారు, ఆమ్లంలో తుప్పు తీస్తారు, మళ్లీ కడుగుతారు, ఉపరితలాన్ని సిద్ధం చేసి ఫాస్ఫేటు పూత ఎక్కిస్తారు, చివర పాసివేషన్ చేస్తారు, అంటే పూత త్వరగా తుప్పు పట్టకుండా రసాయనంతో స్థిరపరుస్తారు. ఆ చివరి తొట్టిలో పాత పద్ధతి ప్రకారం ఉండేది ఆరవ వేలెన్సీ క్రోమియం, అంటే క్యాన్సర్ కారకమైన క్రోమియం రూపం. కొనుగోలుదారు అడిగే కాగితంలో కోట్ల రూపాయల పవర్ ప్రెస్సుల గురించి ఒక్క ప్రశ్న ఉండదు గానీ, ఈ మూల తొట్టిలో పసుపుపచ్చగా కనిపించే నీరు ఏమిటన్నది తప్పక ఉంటుంది. జిర్కోనియం ఆధారిత నానో సిరామిక్ ద్రావణాలు ఫాస్ఫేటు, క్రోమేటు రెండింటికీ ప్రత్యామ్నాయం. బురద కూడా తక్కువ వస్తుంది.

ఇక్కడే నీరు కూడా చర్చలోకి వస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీటి పేరెత్తగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది, అది మనుషుల ఎముకలకు చేసిన చేటు అందరికీ తెలిసిందే. పూత విషయంలో మాత్రం ఫ్లోరైడ్ కన్నా ఆ నీటిలోని మొత్తం లవణాలు, కాఠిన్యం ఎక్కువ చెడుపు చేస్తాయి. ఆఖరి కడుగులో రేకు మీద ఆరిపోయిన లవణం పౌడర్ కింద ఉండిపోయి, తేమను లాక్కుని, కొన్ని నెలలకు బొబ్బలు లేపుతుంది. అల్యూమినియం పూతలకు ఐరోపాలో చెలామణిలో ఉన్న క్వాలికోట్ ప్రమాణం ఆఖరి కడుగు తర్వాత కారే నీటి విద్యుద్వాహకతను సెంటీమీటరుకు 30 మైక్రోసీమెన్స్‌కు పరిమితం చేస్తుంది. బోరు నీటిలో ఆ అంకె సాధారణంగా వందల్లో ఉంటుంది, కొన్నిచోట్ల వెయ్యి దాటుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి తాగునీటికి పనికి వచ్చింది గానీ, పటిక వల్ల సల్ఫేటు పెరుగుతుంది కనుక కడుగు నీటికి అది పరిష్కారం కాదు. చివరి తొట్టికైనా ఆర్‌ఓ లేదా డీఎం (లవణాలు తీసేసిన) నీరు ఏర్పాటు చేయకుండా ఈ ప్రాంతంలో ఎగుమతి నాణ్యత పూత గురించి మాట్లాడటం వృథా అనే చెప్పాలి.

తొట్లలో మిగిలే బురద ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని నమోదు చేసి దుండిగల్‌లోని శుద్ధి కేంద్రం వంటి అనుమతి పొందిన చోటుకే పంపాలి. తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే స్థాపన అనుమతి, నిర్వహణ అనుమతి వర్క్‌షాపు పేరు మీద ఉంటే చాలదు. పూత పనిని బయట చేయిస్తే ఆ యూనిట్‌కు కూడా ఉండాలి. ఎలక్ట్రోప్లేటింగ్, గాల్వనైజింగ్ రెడ్ కేటగిరీ, అంటే కాలుష్యం ఎక్కువగా ఉండే పరిశ్రమలు. విదేశీ కొనుగోలుదారు తరఫున ఆడిట్‌కు వచ్చేవారు ఇప్పుడు జాబ్ వర్క్ యూనిట్ల అనుమతి పత్రాలు కూడా అడుగుతున్నారు.

బోల్టుల మీద ఇంద్రధనుస్సు మెరుపుతో కనిపించే పసుపు జింకు పూత కూడా సాధారణంగా ఆరవ వేలెన్సీ క్రోమియం పాసివేషనే. తెల్లగా లేదా లేత నీలంగా ఉండే మూడవ వేలెన్సీ పూత దీనికి బదులు వాడవచ్చు. అయితే రంగును చూసి నిర్ధారించడం కుదరదు. పసుపు రంగు అద్దిన మూడవ వేలెన్సీ పూతలూ ఉన్నాయి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం క్రోమియం ఉందని చెబుతుంది గానీ అది ఏ వేలెన్సీదో చెప్పలేదు. దానికి ఐఈసీ 62321 అనే అంతర్జాతీయ ప్రమాణాల శ్రేణిలో ఉన్న మరుగునీటి పరీక్ష చేయించాలి.

చిన్న భాగాల్లో ఎక్కువ మందిని ఇరికించేది ఇత్తడి. నీళ్లు చల్లి దుమ్ము అణచే నాజిల్, పైపు కనెక్టర్, బుష్ వంటివి లేత్ మీద సులువుగా తెగే ఇత్తడితో చేస్తారు, ఆ సులువు రెండు మూడు శాతం సీసం వల్ల వస్తుంది. 60 కిలోల బండిలో 40 గ్రాముల నాజిల్ ఒకటి ఉందనుకుందాం. అందులోని సీసం 1.2 గ్రాములు, బండి మొత్తం బరువులో 0.002 శాతం. అయితే 2015 సెప్టెంబరులో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రకారం, ఒకసారి విడి వస్తువుగా తయారైన భాగం మరో యంత్రంలో బిగించిన తర్వాత కూడా విడి వస్తువుగానే లెక్క. అప్పుడు కొలత బండిది కాక నాజిల్‌ది అవుతుంది, అది గీతకు ముప్పై రెట్లు పైన ఉంటుంది. సీసం లోహం 2018 జూన్ నుంచి ఆందోళనకర జాబితాలో ఉంది. దిగుమతిదారు 2021 జనవరి నుంచి స్కిప్ అనే సమాచార నిధిలో ఇటువంటి భాగాలను నమోదు చేయాల్సి వస్తోంది. సీసం ఉన్న ఇత్తడి మీద దీనివల్ల నిషేధం పడలేదు. చెప్పి అమ్మితే అమ్ముకోవచ్చు. చెప్పకుండా పంపడమే తప్పు.

ఐరోపా ఆదేశమైన రోహ్స్ గురించి కూడా ఒక అపోహ ఉంది. సీసం, పాదరసం, కాడ్మియం, ఆరవ వేలెన్సీ క్రోమియం, రెండు రకాల బ్రోమిన్ రసాయనాలు, 2019 జూలై నుంచి నాలుగు థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) కలిపి పది పదార్థాలను నియంత్రించే ఆ ఆదేశం విద్యుత్, ఎలక్ట్రానిక్ పరికరాలకు వర్తించేది. కరెంటుతో పనిలేని తోపుడు బండికి, బ్రష్షుకు రోహ్స్ సర్టిఫికెట్ అడగడం అర్థం లేని పని. పూర్తిగా వృత్తిపరమైన వాడకానికే అమ్మే, సొంత శక్తితో కదులుతూ పనిచేసే యంత్రాలకు అందులో మినహాయింపు ఉంది. అయినా అదే యంత్రంలోని ఇత్తడికి రీచ్ సమాచార బాధ్యత తప్పదు. ఒక చట్టం మినహాయించిందని రెండోది వదిలేయదు.

ప్లాస్టిక్ డబ్బాల్లో ముడి సరుకు ఎంపికే సగం పని. చక్రాల చెత్త డబ్బాలకు ఐరోపాలో ఈఎన్ 840 ప్రమాణం ఉంది. చలిలో దెబ్బ తట్టుకోవడం దాని పరీక్షల్లో ముఖ్యమైనది. మహబూబ్‌నగర్ ఎండలో ఏళ్ల తరబడి నిలిచిన పాలీప్రొపిలీన్ డబ్బా సున్నా డిగ్రీల దగ్గర పెళుసెక్కి పగిలిపోగలదు, అందుకే హెచ్‌డీపీఈ అనే పాలిథిన్ రకం వాడతారు. ఎండను తట్టుకోవడానికి రెండు శాతం పైచిలుకు కార్బన్ బ్లాక్ కలిపిన నలుపు చవకైన ఉపాయం. కానీ నల్ల గుళికలు రీసైకిల్ సరుకైతే, పాత టీవీలు, కంప్యూటర్ల తొడుగుల నుంచి వచ్చిన బ్రోమిన్ అగ్నినిరోధకాలు అందులో కలిసి ఉండే ప్రమాదం ఉంది. ఇవి దీర్ఘకాల సేంద్రియ కాలుష్యకారకాల చట్టం కిందికి వస్తాయి. పట్టుపిడి రబ్బరులో చవక నూనెలు, నాసిరకం కార్బన్ బ్లాక్ వాడితే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు బయటపడతాయి. ప్రజలకు అమ్మే, చేతికి తగులుతూ ఉండే వస్తువుల్లో వీటికి కిలోకు ఒక మిల్లీగ్రాము పరిమితి. పురపాలక సరుకుకు అది నేరుగా వర్తించకపోయినా కొనుగోలుదారులు దాన్నే కొలబద్దగా పెట్టుకోవడం మామూలే. చక్రాలు, మూత ఉన్న చెత్త డబ్బా మీద అది చేసే శబ్దం స్థాయిని ముద్రించాలన్న నిబంధన కూడా ఐరోపాలో 2000 నాటి చట్టంలో ఉంది. ఇంజను లేని డబ్బాకు శబ్దపు లేబుల్ ఏమిటని నవ్వుకునే వారు తెల్లవారుజామున రాళ్లు పరచిన వీధిలో దాన్ని లాగే చప్పుడు వినలేదనుకోవాలి.

బ్రష్షు వెంట్రుకలకు పాలీప్రొపిలీన్, ఉక్కు తీగ ఎక్కువగా వాడతారు. ప్లాస్టిక్ అరిగి సూక్ష్మ రేణువులై వాననీటి కాలువల్లో చేరుతుంది. 2023లో ఐరోపా తెచ్చిన సూక్ష్మ ప్లాస్టిక్ నిషేధం ఉద్దేశపూర్వకంగా కలిపిన రేణువులకే కనుక ఈ అరుగుదలకు అది తగలదు. అయినా టెండర్లలో ఈ ప్రశ్న మొదలైంది. దీనికి జవాబు కోసం దూరం పోనవసరం లేదు. తాటి మట్టల మొదళ్ల నుంచి తీసే గట్టి నారను వీధి చీపుర్లు, బ్రష్షుల కోసం తూత్తుకుడి, కాకినాడ వైపుల నుంచి చాలాకాలంగా ఐరోపాకు పంపారు, అక్కడి వర్తకంలో దానికి సొంత పేరూ గిరాకీ ఉన్నాయి. నల్గొండ జిల్లాలో తాటిచెట్లకు, ఆ చెట్లెక్కే గౌడులకు కొదవ లేదు. కల్లుతో పాటు మట్ట నారకు కూడా ధర పలికే వీలు ఇక్కడ ఉంది. నార పొడవు, గట్టిదనం వారీగా వేరుచేయడం, తేమ లేకుండా ఆరబెట్టడం నేర్చుకోవాలి. మొక్క సంబంధమైన సరుకు కనుక దిగుమతి దేశం అడిగితే ఫైటోశానిటరీ (మొక్కల ఆరోగ్య) పత్రం తీసుకోవాలి. యంత్రం వేగంగా తిప్పే రోలర్‌కు ఈ నార ప్లాస్టిక్ అంత కాలం రాదు. చేతి చీపుర్లకు, నెమ్మదిగా తిరిగే పక్క బ్రష్షులకు సరిపోతుంది.

ఇంజను, బ్యాటరీ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు, ఎందుకంటే అవి ఇక్కడ తయారయ్యేవి కావు, కొని బిగించేవి. డీజిల్ ఇంజనైతే ఐరోపాకు 2016 నాటి చట్టం ప్రకారం ఉద్గారాల ఐదో దశ ధ్రువీకరణ ఉన్నదే కొనాలి. లిథియం బ్యాటరీ అయితే రవాణాకు యూఎన్ 38.3 భద్రతా పరీక్ష, ఐరోపాలో సీఈ ముద్ర, రెండు కిలోవాట్ గంటలు దాటిన పారిశ్రామిక బ్యాటరీలకు 2027 ఫిబ్రవరి 18 నుంచి డిజిటల్ పాస్‌పోర్టు (బ్యాటరీ వివరాల ఎలక్ట్రానిక్ పత్రం) కావాలి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023లో శంకుస్థాపన జరిగిన లిథియం సెల్ పరిశ్రమ ఉత్పత్తి పెరిగితే ఆ పాస్‌పోర్టుకు కావలసిన వివరాలు పొరుగునే దొరికే అవకాశం ఉంది. యంత్రాల భద్రతకు సంబంధించిన కొత్త ఐరోపా చట్టం కూడా 2027 జనవరి 20 నుంచి అమలులోకి వస్తుంది కనుక ఇప్పుడు డిజైన్ మొదలుపెట్టేవారు పాత ఆదేశాన్ని కాక దాన్నే చదవాలి.

గల్ఫ్, తూర్పు ఆఫ్రికా మార్కెట్లలో ఇంత రసాయన పరిశీలన లేదని అటు మొగ్గేవారున్నారు. సరుకును ధ్రువీకరించే సౌదీ సాబర్ పోర్టల్‌లో నమోదు, కెన్యా వంటి దేశాలు ఓడ ఎక్కకముందే చేయించే అనుగుణ్యత తనిఖీ అక్కడా ఉన్నాయి. యూఏఈ 2017లోనే సొంత రోహ్స్ నియమాలు తెచ్చుకుంది. సరుకు దాదాపు ఏ దేశానికి పోయినా సనత్‌నగర్ కంటైనర్ డిపోకు చేరే చెక్క పెట్టెకు, కలపలో పురుగు లేకుండా శుద్ధి చేశారని చూపే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే వేడి పద్ధతిలోనైతే కలప మధ్యభాగం దాకా 56 డిగ్రీల వేడిని కనీసం 30 నిమిషాలు పట్టించి ఉండాలి. లక్షల సరుకు నాలుగు ముద్ర లేని పలకల వల్ల రేవులో ఆగిపోవడం ఈ వర్తకంలో అరుదేమీ కాదు.

రీచ్ కింద చట్టపరమైన బాధ్యత దిగుమతిదారుది, నల్గొండ వర్క్‌షాపుది కాదు. కానీ కొనుగోలు ఒప్పందంలో ఒక చిన్న వాక్యంతో నష్టపరిహారం మొత్తం తయారీదారు మీదికి వస్తుంది. ఆ వాక్యం మీద సంతకం పెట్టేముందు రంగు, పౌడర్, బోల్టులు, ఇత్తడి, రబ్బరు, గుళికలు అమ్మిన ప్రతి సరఫరాదారు నుంచి అదే భాషలో రాతపూర్వక హామీ తీసుకోవాలి, లేకపోతే గొలుసు మధ్యలో తెగి బరువు ఒక్కరి మీదే పడుతుంది. ప్రయోగశాల పరీక్ష ఒక నమూనాకు మాత్రమే జవాబు చెబుతుంది. పరీక్షకు పంపిన రంగు డబ్బా ఒక బ్యాచి, సరుకుకు వేసింది మరో బ్యాచి అయితే ఆ నివేదిక గోడకు తగిలించుకోవడానికే పనికివస్తుంది. అందుకే కొందరు కొనుగోలుదారులు ప్రతి లాటు నుంచి రంగు వేసిన ఒక రేకు ముక్కను బ్యాచి నంబరు, తేదీ చెక్కి పదేళ్లు భద్రపరచాలని కోరుతున్నారు. అటువంటి ముక్కలకు ఒక ఇనుప బీరువా అర చాలు, వాటిని లెక్కగా పెట్టే మనిషి మాత్రం షెడ్డులో ఒకరు ఉండాలి.